కోబాల్ట్ బిళ్ల, గడ్డలోని గాలి

రామన్నపేట చుట్టుపక్కల ఎవరికైనా కరెంటు (క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్) పెట్టించాలంటే చాలామంది పోయేది హైదరాబాద్ రెడ్‌హిల్స్‌కే. 1955లో మొదలై, మెహదీ నవాజ్ జంగ్ పేరు మోస్తున్న ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి అది. ఇప్పుడు విద్యుత్తుతో కిరణాలు పుట్టించే లీనాక్‌లు వచ్చాయి గానీ, మన సర్కారు ఆసుపత్రుల భారం ఏళ్ల తరబడి మోసింది కోబాల్ట్ యంత్రమే.

అది 1951లో కెనడాలో పుట్టింది. సీసం నింపిన బరువైన తల, లోపల రూపాయి నాణెమంత వెడల్పున్న కోబాల్ట్-60 బిళ్ల. మీట నొక్కితే బిళ్ల కన్నం ముందుకు జరుగుతుంది, గామా కిరణాలు పడతాయి. టైమరు నిండగానే వెనక్కి పోతుంది. ఇంత సాదా యంత్రం కాబట్టే మన భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లు ‘భాభాట్రాన్’ పేరుతో సొంతంగా చేసుకోగలిగారు.

దీనికి ముసలితనం ఉంది. 5.27 ఏళ్లకు బిళ్ల బలం సగమవుతుంది. కొత్తలో నిమిషంన్నరలో అందే మోతాదుకు అప్పటికి మూడు నిమిషాలు బల్ల మీద కదలకుండా పడుకోవాలి. రోగి బెంగపడనక్కర్లేదు. దెబ్బతిన్న డీఎన్‌ఏను కణం బాగుచేసుకోవడానికి అరగంటో గంటో పడుతుంది, ఈ కాస్త ఆలస్యం దానికి లెక్కలోకి రాదు. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కు లోపలి నుంచి ఇచ్చే వైద్యంలో మాత్రం వేగం లెక్కే. పూర్వం సీజియం గొట్టాలు పెట్టి రెండు మూడు రోజులు మంచం దిగనిచ్చేవారు కాదు. ఇప్పుడు ఇరిడియంతో నిమిషాల్లో అయిపోతుంది. అంత వేగంలో మంచి కణాలకు కోలుకునే వ్యవధి దొరకదు గనుక మొత్తం మోతాదు తగ్గించి విడతలుగా ఇస్తారు.

వేగం కన్నా తిరకాసు ఆక్సిజన్‌ది. కిరణం చేసిన గాయాన్ని మానకుండా ఖాయం చేసేది అదే. అది అందని కణాన్ని చంపాలంటే మోతాదు రెండున్నర, మూడు రెట్లు కావాలి. 1955లో బ్రిటన్‌లో టామ్లిన్సన్, గ్రే ఊపిరితిత్తుల గడ్డలను సూక్ష్మదర్శిని కింద కొలిచారు. రక్తనాళానికి మిల్లీమీటరులో అయిదో ఆరో వంతు దూరం దాటితే కణాలు చచ్చి ఉన్నాయి. ఆ సరిహద్దులోనే, ఊపిరాడక కూడా చావని మొండివి దాక్కుంటాయి. రోజుకు రెండు గ్రేలు (ఆ గ్రే పేరే కొలతకు పెట్టారు) చొప్పున అయిదారు వారాలు తిప్పడానికి ఇదీ ఒక కారణం: పైవి చచ్చాక లోపలివాటికి గాలి అందుతుంది, మరునాటి దెబ్బ తగులుతుంది. పత్తి ఏరాలని మధ్యలో వారం ఎగ్గొడితే గడ్డ మళ్లీ పెరుగుతుంది. రక్తం తక్కువున్నా వైద్యం అంతగా పట్టదు, అందుకే డాక్టర్లు హిమోగ్లోబిన్ అడుగుతుంటారు.

వేగం, ఆక్సిజన్ అనే ఈ రెండు సంగతులూ ఇప్పుడు మోతాదంతా క్షణంలో ఇచ్చే ‘ఫ్లాష్’ పద్ధతి దగ్గర కలిశాయి. కొద్దిపాటి ఆక్సిజన్‌లో ఉన్న బ్యాక్టీరియా మీద కిరణాలను ఒక్కసారిగా కుమ్మరిస్తే అవి ఆక్సిజన్ అసలే లేనట్టు తట్టుకున్నాయని డ్యూయీ, బోగ్ 1959లోనే రాశారు. 2014లో ఫ్రాన్స్‌లో ఎలుకలకు సెకనుకు 40 గ్రేల పైన ఇస్తే గడ్డ తగ్గింది, ఊపిరితిత్తులు మాత్రం చాలావరకు క్షేమం. 2018లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఒక రోగి చర్మపు గడ్డకు 15 గ్రేలు 90 మిల్లీసెకన్లలో ఇచ్చారు. మంచి కణాలు బతికిపోవడానికి వాటిలో ఆక్సిజన్ హరించుకుపోవడమే కారణమని మొదట్లో అనుకున్నారు. కొలిస్తే తగ్గేది కొంచెమే, వాదన తెగలేదు. పైగా లోజాన్‌లో వాడిన ఎలక్ట్రాన్లు చర్మం కింద కొద్ది సెంటీమీటర్లే పోతాయి. లోతుకు పోయే ప్రోటాన్లతో అమెరికాలోని సిన్సినాటిలో చేతులు, కాళ్ల ఎముకల్లోకి పాకిన క్యాన్సర్‌కు పదిమందికి ఇచ్చి చూశారు.