టైరుకు ఇన్సూరెన్స్ ఎవరికి కావాలి?

కొత్త కారు కొన్నప్పుడు షోరూమ్‌లో చేతికిచ్చే ఇన్సూరెన్స్ కొటేషన్‌లో జీరో డిప్రిసియేషన్, ఇంజిన్ ప్రొటెక్ట్‌ల కింద టైర్ కవర్ అని ఇంకో పద్దు కనిపిస్తుంది. లక్షలు పెట్టి బండి కొంటున్నప్పుడు ఇదెంతలే అని చాలామంది సంతకం పెట్టేస్తారు. మన దేశంలో మామూలు కాంప్రహెన్సివ్ పాలసీ టైరు ఒక్కటే దెబ్బతింటే పైసా ఇవ్వదు. అదే ప్రమాదంలో బండికీ దెబ్బ తగిలితేనే ఇస్తుంది, అదీ కొత్త టైరు ధరలో సగం వరకే. ఆ లోటు తీర్చడానికే ఈ కవర్ వచ్చింది. లోటు నిజమే కానీ, నా లెక్కలో దానికి డబ్బు కట్టాల్సిన అవసరం కొద్దిమందికే ఉంది.

మీరు అందులో ఉన్నారో లేదో టైరు పక్కన ఉండే అంకెలే చెబుతాయి. 145/80 ఆర్13 అని ఉంటే వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం, అంటే 116 మిల్లీమీటర్లు. ఆల్టో కె10 లాంటి చిన్న కార్లకు ఉండేవి ఇవే. ఖరీదైన సెడాన్లకు వేసే 225/45 ఆర్17 టైరుకు ఆ ఎత్తు 101 మాత్రమే, పైగా అది మోసే బరువు ఎంతో ఎక్కువ. వేగంగా గుంతలో పడితే పక్కగోడ గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య నలిగి, లోపలి దారాలు తెగి, అక్కడ టైరు ఉబ్బుతుంది. ఉబ్బిన టైరుకు రిపేరు లేదు, మార్చాల్సిందే. అలాయ్ రిమ్ వంగితే ఆ ఖర్చు వేరు. చిన్న కారు టైరు 4,000, కవర్ ఏడాదికి 1,500 అనుకుందాం. మూడేళ్లు కడితే టైరు ధర దాటిపోతుంది. టైరు 12,000, కవర్ 3,000 అయితే నాలుగేళ్లలో ఒక్కటి పోయినా కట్టింది తిరిగొచ్చినట్టే. అయితే చాలా కంపెనీలు మిగిలిన గాడి లోతును బట్టి చెల్లిస్తాయి. కొత్తలో సుమారు 8 మిల్లీమీటర్లుండే గాడి సగం అరిగితే చేతికొచ్చేదీ తగ్గుతుంది. అందుకే పెద్ద చక్రం, పొట్టి పక్కగోడ ఉన్న బండికి కూడా మొదటి రెండేళ్లు తీసుకుని మానేయడం మంచిది.

మన రోడ్ల మీద ఇది అందరికీ అవసరమే కదా అనవచ్చు. కానీ ఆ రోడ్లు మనకు ఎక్కువగా తెచ్చిపెట్టేది పంక్చర్లు, అరుగుదల. మామూలుగా ఈ రెండూ కవర్‌లోకి రావు. హైవే మీద టైరు పేలితే ప్రాణాలకే ముప్పు కదా అన్న భయం ఇంకా బరువైనది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయితే కవర్ పేలిన టైరుకు డబ్బిస్తుంది తప్ప పేలకుండా ఆపదు. గాలి తక్కువున్న టైరుతో, మోతకు మించిన బరువుతో వేగంగా వెళ్లడమే చాలాసార్లు పేలుడుకు దారి తీస్తుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు నెలకోసారైనా గాలి చూపించుకోవడం, తయారీ వారం, ఏడాది తెలిపే నాలుగంకెలు చూసి పాతబడిన టైరు మార్చడం, ఆ భయానికి అసలు మందు ఇవే.

తీసుకోవాలనే నిర్ణయించుకుంటే సంతకానికి ముందు నాలుగు అడగండి. ఉబ్బిన టైరుకు ఇస్తారా? రిమ్ కూడా ఉందా? ఏడాదికి ఎన్ని క్లెయిములు? ఈ క్లెయిముతో నో క్లెయిమ్ బోనస్ పోతుందా? ఆ బోనస్ ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 నుంచి 50 శాతం దాకా ఉంటుంది కాబట్టి చివరి ప్రశ్న చిన్నదేమీ కాదు. జవాబులు పాలసీ నిబంధనల్లో చూపించలేకపోతే ఆ పద్దు కొట్టేయించి మిగతా పాలసీ తీసుకోండి.