గేర్‌బాక్స్ బోల్టు ఊరికే తిరుగుతోందా? హౌసింగ్ మార్చేముందు ఇది తెలుసుకోండి

కారు సర్వీసింగ్‌కి ఇచ్చారు. గేర్ ఆయిల్ మార్చాక డ్రెయిన్ బోల్టు బిగిస్తుంటే టైట్ అవ్వట్లేదు, ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంది. థ్రెడ్ పోయింది, హౌసింగ్ మార్చాల్సిందే అని మెకానిక్ అనగానే ఓనర్‌కి చెమటలు పడతాయి. హౌసింగ్ మార్చడమంటే గేర్‌బాక్స్ మొత్తం దించి, గేర్లు, బేరింగులు అన్నీ విప్పి కొత్త దాంట్లో బిగించాలి మరి. కానీ చాలాసార్లు అంత పని అక్కర్లేదు. పాడైన ఆ ఒక్క రంధ్రాన్నే బాగు చేయొచ్చు.

రాయవరం లాంటి చోట ఈ విషయం తెలిసుండటం మరీ అవసరం. ఊళ్లో షెడ్డులో పని కాకపోతే బండిని మండపేటకో రామచంద్రపురానికో, లేదంటే కాకినాడ, రాజమహేంద్రవరానికో తీసుకెళ్లాలి. ఆయిల్ లేని గేర్‌బాక్స్‌తో నడపకూడదు కాబట్టి లాక్కెళ్లే ఖర్చు అదనం. ఆ ఖర్చుకి భయపడే కొందరు టెఫ్లాన్ టేపు చుట్టి, ఎంసీల్ పూసి బండి బయటకు తీస్తారు. అసలు ప్రమాదం అదే! దారిలో బోల్టు ఊడి ఆయిల్ కారిపోతే గేర్లు, బేరింగులు కూడా పోతాయి.

ఇంతకీ థ్రెడ్ ఎందుకు పోతుంది? హౌసింగ్ అల్యూమినియం, బోల్టు ఉక్కు. మెత్తని లోహమే ముందు తెగుతుంది. అల్యూమినియంలో 8 ఎంఎం బోల్టుకి సుమారు 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది. 30 సెంటీమీటర్ల స్పానర్ చివర 20 కేజీల బలం వేస్తే అది దాదాపు 60 అవుతుంది. అంటే రెట్టింపు కంటే ఎక్కువ. దీనికి తోడు డెల్టా ప్రాంతపు తేమకి ఉక్కు, అల్యూమినియం కలిసిన చోట తుప్పు లాంటి పొర పేరుకుని బోల్టు పట్టేస్తుంది. బలవంతంగా విప్పితే థ్రెడ్‌తో సహా ఊడి వస్తుంది.

దీనికి మందు హెలికాయిల్. స్టెయిన్‌లెస్ స్టీల్ తీగతో చేసిన చిన్న స్ప్రింగ్ లాంటిది. 8 ఎంఎం మామూలు థ్రెడ్ బోల్టుకైతే ముందు రంధ్రాన్ని 8.3 ఎంఎం డ్రిల్లుతో పెద్దది చేస్తారు. తర్వాత కిట్‌లో వచ్చే ప్రత్యేకమైన ట్యాప్‌తో కొత్త థ్రెడ్ వేయాలి. మామూలు 8 ఎంఎం ట్యాప్ ఇక్కడ పనికిరాదు. ఆ థ్రెడ్‌లో కాయిల్‌ని పై అంచు కంటే కాస్త లోపలికి దిగేలా తిప్పి బిగిస్తారు. పాత బోల్టే మళ్లీ పడుతుంది. పైగా బలం ఎక్కువ అల్యూమినియం మీద పంచుకుంటుంది కాబట్టి సరిగ్గా వేస్తే మొదటి థ్రెడ్ కంటే గట్టిగా ఉంటుంది.

పని చెడేది రెండు చోట్ల. డ్రిల్లు వంకరగా దిగితే బోల్టు కూడా వంకరే. రెండోది రజను. రంధ్రం గేర్‌బాక్స్ లోపలికి తెరుచుకుని ఉంటే అల్యూమినియం ముక్కలు ఆయిల్‌లో కలిసి బేరింగుల్లోకి వెళ్తాయి. అందుకే ట్యాప్ గాళ్లలో గ్రీజు నింపి మెల్లగా తిప్పుతూ, మధ్యమధ్యలో బయటకు తీసి తుడవాలి. కాయిల్ బిగించాక విరగ్గొట్టే చిన్న కొస కూడా లోపల పడకుండా బయటకు తీయాల్సిందే. ఈ పని చూస్తున్న ఓనర్ పక్కనే నిలబడి ఆ ముక్క చూపించమని అడిగినా తప్పులేదు.

డ్రెయిన్ బోల్టు విషయంలో మాత్రం చిన్న తేడా ఉంది. అది ఆయిల్ మార్చినప్పుడల్లా విప్పి బిగించేది. అలాంటి చోట తీగ కాయిల్ కంటే గట్టి ఉక్కు బుష్ మేలు. ఆయిల్ కారకుండా ఆపేది ప్రధానంగా వాషరే. అందుకే వాషర్ కొత్తది వేయాలి, అది కూర్చునే అంచు గీతలు లేకుండా ఉండాలి.

రంధ్రం చుట్టూ పగులు కనిపిస్తే కాయిల్ వేసి లాభం లేదు. ముందు అల్యూమినియం వెల్డింగ్ చేసి, తర్వాత కొత్తగా రంధ్రం వేయాలి. పగులు బేరింగ్ కూర్చునే చోటి దాకా పాకితే మాత్రం హౌసింగ్ మార్చక తప్పదు.