వంటచెరకు: తడి కట్టెతో తూకంలో నష్టం

ఆదిలాబాద్: చలికి పేరుపడిన ఈ జిల్లాలో శీతకాలం రాగానే చలిమంటకూ, స్నానపు నీళ్లకూ కట్టెల గిరాకీ పెరుగుతుంది. తూకం మీద కొనేవారు ధరతోపాటు తడిని కూడా చూసుకోవాలి.

40 శాతం తడి వున్న క్వింటాలులో అసలు కట్టె 60 కిలోలే. తడి 20 శాతమైతే 80 కిలోలు. ధర ఒకటే అయినప్పుడు ఈ రెండవ సరుకులో మూడవ వంతు కట్టె అదనంగా వస్తుంది. పైగా కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 600 కిలో కాలరీల వేడి వృథా అవుతుంది, పొగ హెచ్చుతుంది.

ఆరిన కట్టె చివర్లు పగిలి వుంటాయి. బెరడు సులువుగా వూడుతుంది. వేసవిలోనే కొని ఆరబెట్టుకొన్నవారికి చలికాలపు తేజీ బాధ తక్కువ. నిప్పుల కుంపటిని మాత్రం తలుపులు మూసిన గదిలో వుంచరాదు. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది.