అధ్యక్షుడు మంచివాడైతే చాలునా?

మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో రైతు సంఘమో, ఉత్పత్తిదారుల కంపెనీయో ఒకటి ఉండే ఉంటుంది. అందులో వాటా డబ్బు కట్టి, రసీదు పెట్టెలో దాచుకున్నవాళ్లు మీలో ఉంటారు. ఆ రసీదు ఒకసారి బయటకు తీయండి. ఆ డబ్బుతో ఏం వ్యాపారం జరుగుతోందో, ఎవరు నడుపుతున్నారో మీకు తెలుసా? సంఘమన్నా వ్యాపారమే. దానికి ముందుండి నడిపించే మనిషి ఒకరు కావాలి, రోజూ లెక్క చూసే మనిషి ఇంకొకరు కావాలి. మన దగ్గర చాలాచోట్ల ఈ రెండు పనులూ ఒక్కరి నెత్తినే పడుతున్నాయి.

మా ఊరి సంగతే చెప్తా. చాలా ఏళ్ల కిందట శెనక్కాయ విత్తనాల కోసం ఒక సంఘం పెట్టుకున్నాం. నేనూ 500 రూపాయలు కట్టా. అధ్యక్షుడు నిజంగానే మంచివాడు. అడిగినవాళ్లను కాదనలేక అందరికీ అరువిచ్చాడు. గుర్తుంటే రాసుకున్నాడు, లేకుంటే లేదు. పుస్తకం ఆయన ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉండేది. ఆ యేడు సరిగ్గా ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేసింది. ఎవరు ఎంత ఇవ్వాలో తేలలేదు. సంఘం మూతపడింది. నా 500 పోతే పోయాయి గానీ, ఆ పెద్దాయన రచ్చకట్ట దగ్గరికి రావడమే మానేశాడు. అదే ఇప్పటికీ బాధ.

అట్లాగని మన సీమవాళ్లకు సంఘం నడపడం చేతకాదని కాదు. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో చేనేతకారుల సహకార సంఘం స్థాపించారు. నేతగాడికి నూలు ఇవ్వడం, నేసిన బట్ట తీసుకుని కూలి చెల్లించడం, ఆ బట్టను అమ్మడం సంఘం పని. ఇలాంటి సంఘానికి నూలు లెక్క, బట్ట లెక్క, కూలి లెక్క తప్పకుండా సరిపోవాలి. 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. తర్వాతి కాలంలో మరమగ్గాల పోటీకి ఆ వైభవం తగ్గింది, అది వేరే కథ.

అప్పు, అమ్మకం ఒకే గడపలో

రైతు సంఘం గురించి మాట్లాడితే ముల్కనూరు పేరు చెప్పకుండా ఉండలేం. తెలంగాణలో ఇప్పటి హనుమకొండ జిల్లాలో ఉంది. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారు 14 గ్రామాల రైతులతో అక్కడ సంఘం మొదలుపెట్టారు. ‘వాళ్లకు నీళ్లున్నాయి లెండి’ అంటారేమో. అప్పట్లో అక్కడా కాలువ నీళ్లు లేవు. పెట్టుబడికి అప్పు సంఘమే ఇస్తుంది, ఎరువు సంఘమే ఇస్తుంది, పండిన పంటను సంఘమే కొంటుంది. పంట డబ్బులోంచి అప్పు జమ చేసుకుని మిగిలింది చేతిలో పెడుతుంది. సభ్యుల పొదుపు కూడా అందులోనే ఉంటుంది కాబట్టి, బాకీ ఎగ్గొడితే పక్కింటివాడి డబ్బు ఎగ్గొట్టినట్టే.

మన దగ్గర చిక్కు ఇక్కడే. మండీలో అప్పు తెచ్చుకున్న రైతు పంట ఆ మండీకే తోలాలి. సంఘం ఎంత మంచి ధర ఇచ్చినా కాళ్లు అటే పోతాయి. తప్పు రైతుది అనలేం.

జీతం ఎక్కడి నుంచి వస్తుంది?

2002లో కంపెనీల చట్టానికి చేసిన సవరణతో రైతులు ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకునే వీలు వచ్చింది. పది మంది ఉంటే చాలు. సభ్యుడికి వాటాలు ఎన్ని ఉన్నా ఓటు ఒక్కటే. డైరెక్టర్లు ఐదుగురికి తగ్గకూడదు, పదిహేను మందికి మించకూడదు. పూర్తికాలం పనిచేసే సీఈవో ఉండాలి, ఆయన సభ్యుడు కాని మనిషి అయి ఉండాలి. అంటే నడిపించేవాళ్లు వేరు, నిర్వహించేవాడు వేరు అని చట్టమే చెప్తోంది. అధ్యక్షుడి బామ్మర్దిని ఆ కుర్చీలో కూర్చోబెడితే కాగితం మీద తప్పు కనపడదు, వ్యాపారంలో మాత్రం కనపడుతుంది.

మరి ఆ మనిషికి జీతం? 2020లో మొదలైన పదివేల రైతు సంఘాల కేంద్ర పథకంలో మైదాన ప్రాంతపు సంఘానికి కనీసం 300 మంది సభ్యులు ఉండాలన్నారు. మూడేళ్ల పాటు నిర్వహణకు 18 లక్షల దాకా సాయం పెట్టారు. సీఈవోకు నెలకు 25 వేల దాకా, లెక్కలు రాసేవాడికి 10 వేల దాకా అందులోంచే. మూడేళ్లు దాటితే ఆ భారం సంఘానిదే.

లెక్క వేద్దాం. నెలకు 35 వేలు, ఏడాదికి 4,20,000. క్వింటాలు శెనక్కాయ మీద ఖర్చులు పోను సంఘానికి 50 రూపాయలు మిగులుతాయనుకోండి. జీతాలు రావాలంటే 8,400 క్వింటాళ్లు అమ్మాలి. 300 మందికి పంచితే తలా 28 క్వింటాళ్లు! వానకు వదిలేసిన చేన్లో ఎకరాకు ఐదు క్వింటాళ్లు రాలితే సంతోషపడే మనకు, మూడెకరాల రైతు దగ్గర 28 ఎక్కడివి?

కాబట్టి శెనక్కాయ ఒక్కదాన్నే నమ్ముకుంటే కుదరదు. కంది, కొర్ర, శనగ, ఉల్లి కూడా సంఘం ద్వారానే పోవాలి. అదునుకు విత్తనం, ఎరువు, గోనెసంచులు సంఘమే అమ్మాలి. చిన్న చిన్న లాభాలు కలిస్తేనే ఆ నాలుగు లక్షలు తేలతాయి. అధ్యక్షుడు ఊరూరూ తిరిగి సభ్యులను ఒప్పించాలి, సీఈవో సరుకు చూసుకోవాలి. ఒకరి పని ఇంకొకరు చేస్తే రెండూ చెడతాయి.

మీ వంతు కూడా ఉంది. కంపెనీ అయితే బోర్డు కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి. మహాసభకు 14 రోజుల ముందే నోటీసు రావాలి. సభ్యుల్లో నాలుగో వంతు రాకపోతే కోరం లేనట్టే. 300 మంది ఉంటే 75 మంది అన్నమాట. పోయి కూర్చోండి. జమా ఖర్చులు చదివి వినిపించమనండి. అరువు బాకీల జాబితా గోడకు అంటించమనండి, అందులో డైరెక్టర్ల పేర్లుంటే అవీ ఉండాలి.

నెలకోసారి ముగ్గురు సభ్యులు గోదాముకు పోయి సంచులు లెక్కపెట్టి పుస్తకంతో సరిచూడండి. లెక్క సరిగా ఉంచుకున్న మేనేజరైతే మిమ్మల్ని చూసి తనే టీ తెప్పిస్తాడు.