శిల పట్టిన చేయి: ఒక చలనచిత్రం వెనుక విజ్ఞానం

ఇంటి నుండి బయలుదేరే మనిషిని "ఎక్కడికి?" అని అడగరాదని మన పెద్దలు చెబుతారు. తెలుసుకోకుండా ఉండలేని అమ్మమ్మలు "దూరమా, నాయనా?" అని నేర్పుగా మాట మారుస్తారు. వెళ్లేవారు సైతం "వెళ్తాను" అనరు; "వెళ్లొస్తాను" అంటారు. ఈ ఆచారంలో శకునం పాలెంతో, మమకారం పాలెంతో విడదీసి చెప్పడం కష్టం. అయితే 2003వ సంవత్సరం ఏప్రిల్ 26, శనివారం నాడు ఒక అమెరికన్ యువకుడు ఎక్కడికి వెళ్తున్నదీ ఎవరికీ చెప్పకుండా యూటా రాష్ట్రపు ఎడారిలో అడుగుపెట్టాడు. తరువాత జరిగిన కథను దర్శకుడు డానీ బాయిల్ 2010లో "127 అవర్స్" అనే చలనచిత్రంగా మలిచాడు. మన ఎ.ఆర్. రహమాన్ సంగీతం సమకూర్చిన ఆ చిత్రం ఆరు ఆస్కార్ ప్రతిపాదనలు పొందింది. ఆ చిత్రాన్ని చూసి కన్నీరు పెట్టినవారు అనేకులు. దాని వెనుకనున్న విజ్ఞానాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఏం జరిగింది?

ఆ యువకుని పేరు ఆరన్ రాల్‌స్టన్. వయస్సు 27 సంవత్సరాలు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగు చదివి, ఇంటెల్ సంస్థలో కొంతకాలం పనిచేసి, పర్వతారోహణపై మక్కువతో ఆ ఉద్యోగం విడిచిపెట్టాడు. ఆనాడు అతడు దిగినది బ్లూజాన్ కాన్యన్ అనే ఇరుకు లోయ. ఇటువంటి లోయలు ఇసుకరాతి నేలలో ఏర్పడతాయి. అరుదుగా కురిసే కుంభవృష్టికి ఒక్కసారిగా వచ్చిపడే వరద, ఇసుకను, రాళ్లను వెంట తెచ్చి, ఆకురాయి వలె రాతిని వేల ఏండ్లపాటు అరగదీస్తుంది. ఆ వరదలు తెచ్చిన బండలే కొన్ని గోడల మధ్య ఇరుక్కుని నిలిచిపోతాయి. రాల్‌స్టన్ దిగుతుండగా అటువంటి బండ ఒకటి కదిలి అతని కుడిచేతిని గోడకు అదిమివేసింది. దాని బరువు దాదాపు 360 కిలోలని అంచనా.

అతని వద్ద లీటరుకు లోపు నీరు, కొద్దిపాటి ఆహారం, తాళ్లు, ఒక చవకరకం జేబుకత్తి, ఒక వీడియో కెమేరా మాత్రమే ఉన్నాయి.

కప్పీలు ఏల విఫలమైనవి?

మొదటి ప్రయత్నం ఇంజనీరు చేయదగినదే. బండకు తాడు కట్టి, పైన ఆధారం ఏర్పరచి, కప్పీల పద్ధతిలో ఎత్తబోయాడు. కప్పీలు బలాన్ని రెట్టింపు, మూడింతలు చేస్తాయని మనం పాఠశాలలోనే చదువుకున్నాం. కాని పుస్తకంలోని కప్పీకి ఘర్షణ ఉండదు, తాడు సాగదు. రాల్‌స్టన్ వద్ద నిజమైన కప్పీలు లేవు. తాడు లోహపు కొక్కేల మీదుగా ఒరుసుకుంటూ పోవలసి వచ్చింది. ప్రతి మలుపులోను ఘర్షణ కొంత బలాన్ని మింగివేసింది. పైగా పర్వతారోహకుల తాడు సాగేటట్లుగానే తయారవుతుంది. జారిపడిన మనిషి నడుము విరగకుండా కాపాడేది ఆ సాగుడు గుణమే. ప్రాణరక్షణకై ఇచ్చిన ఆ గుణమే ఇక్కడ ప్రతిబంధకమైంది. బండ కదలలేదు.

నీటి పద్దు

పెద్దవారి శరీర బరువులో సుమారు 60 శాతం నీరే. విశ్రాంతిగా ఉన్న మనిషి కూడా శ్వాస ద్వారాను, చర్మం ద్వారాను రోజుకు ముప్పాతిక లీటరు వరకు నీటిని కోల్పోతాడు. రక్తంలోని వ్యర్థాలను బయటికి పంపడానికి మూత్రపిండాలకు కనీసం అర లీటరు నీరు కావాలి. అంటే ఏ శ్రమా చేయకపోయినా, చెమట పట్టకపోయినా, రోజుకు లీటరుకు పైగా ఖర్చు తప్పదు. ఆదాయం లేని ఇంటి జమాఖర్చు వంటిది ఇది. శరీరపు బరువులో రెండు శాతం నీరు తరిగితే చురుకుదనం తగ్గుతుంది. పది శాతం తరిగితే ప్రాణాపాయం.

అయిదు రోజులు అతడెట్లు నిలిచాడు? ఒక కారణం అతనిని బంధించిన లోయయే. ఎత్తైన గోడల మధ్య ఎండ రోజుకు కొద్ది నిమిషాలు మాత్రమే సోకేది. అది ఏప్రిల్ మాసం కావడం కూడా అదృష్టమే. మండువేసవిలో, బయలు ప్రదేశంలో అయితే ఒకటి రెండు రోజులే గడువు. ఆ నీడకు మరొక ముఖం రాత్రి చలి. పొడిగాలికి వేడిని నిలుపుకునే శక్తి తక్కువ. కనుకనే ఎడారి రాత్రులు అంత చల్లన. అతడు తాడునే కాళ్లకు చుట్టుకుని వణుకుతూ తెల్లవార్చాడు.

నీరు అయిపోయిన పిదప అతడు తన మూత్రాన్నే త్రాగాడు. దీనిని చూసి ఇదొక ఉపాయమని భ్రమించరాదు. మూత్రపిండాలు శ్రమించి బయటికి పంపిన లవణాలను, యూరియాను మరల లోనికి పంపితే, వాటిని తొలగించడానికి మరింత నీరు కావలసివస్తుంది.

ఎముక, తులాదండం

కత్తి రాతిని గీకి గీకి మొద్దుబారింది. దానితో చర్మం తెగినా ఎముక తెగదని అతనికి అర్థమైంది. గోడపై తన పేరు, జన్మదినం, తాను మరణించనున్న మాసం చెక్కుకున్నాడు; కెమేరాలో తల్లిదండ్రులకు వీడ్కోలు పలికాడు. మే 1వ తేదీ ఉదయం, నిస్పృహలో చేతిని విదిలిస్తుండగా, ఎముక వంగుతున్నట్లు తోచింది. అప్పుడు మెరిసింది భౌతికశాస్త్రం.

ఎముక నిలువునా పడే బరువును చక్కగా భరిస్తుంది. వంపుకు, మెలికకు అంతగా ఓర్వలేదు. బండ ఒక కొనను కదలకుండా పట్టింది. తన శరీరమే తులాదండమై రెండవ కొనపై బలం చూపగలదు. ముంజేతిలోని రత్ని, అరత్ని అనే రెండు ఎముకలను అతడు అట్లే విరిచి, రక్తం కారకుండా చేతికి కట్టు బిగించి, సుమారు గంటసేపు శ్రమించి విముక్తుడయ్యాడు.

ఇక్కడొక ప్రశ్న: ఎవరైనా వచ్చి బండను తొలగించి ఉంటే సరిపోయేదా? 1941లో లండన్ బాంబుదాడుల క్షతగాత్రులను పరిశీలించిన బైవాటర్స్ అనే వైద్యుడు ఒక విచిత్రాన్ని వర్ణించాడు. శిథిలాల క్రింద గంటల తరబడి నలిగినవారు బయటికి తీసినప్పుడు బాగానే కనిపించి, కొన్ని రోజులలో మూత్రపిండాలు చెడి మరణించారు. నలిగిన కండరాల నుండి మయోగ్లోబిన్, పొటాషియం ఒక్కమారుగా రక్తంలో కలవడమే దీనికి కారణం. పొటాషియం గుండెను సైతం ఆపగలదు. అందుచేత బండ తొలగించడం కూడా వైద్యుని సమక్షంలో జరగవలసిన పని.

అసలు రక్షించినదేమి?

చిత్రం చూసినవారు కత్తి రక్షించిందంటారు. అది సగం నిజం. ఒంటిచేత్తో 20 మీటర్ల కొండచరియ దిగి, రక్తమోడుతూ మైళ్ల కొలది నడిచిన అతనికి నెదర్లాండ్స్ నుండి వచ్చిన ఒక కుటుంబం ఎదురై నీరందించింది. కొద్దిసేపటికే హెలికాప్టరు వచ్చింది. అది యాదృచ్ఛికం కాదు. కొడుకు పనికి రాలేదని తెలిసిన తల్లి అధికారులను వెంటపడి అడగడం వల్ల, అతని వాహనం దొరికి, ఆ ప్రాంతంలో గాలింపు మొదలైంది. ఎక్కడికి వెళ్లాడో ముందే తెలిసి ఉంటే ఆ గాలింపు ఎన్నాళ్లు ముందుగా మొదలయ్యేదో ఊహించండి!

నేడు మన పిల్లలు, ఇక్కడికి చదువుకు వచ్చిన మన విద్యార్థులు వారాంతాలలో కొండలకు, లోయలకు వెళ్తున్నారు. వెళ్లవలసినదే. ఉపగ్రహం ద్వారా సందేశం పంపగల ఫోన్లు కూడా వచ్చాయి. కాని ఇరుకు లోయలో ఆకాశమే సరిగా కనబడదు, బ్యాటరీ శాశ్వతం కాదు. కనుక ఒక చీటీపై ఏ దారి, కారు ఎక్కడ, ఎప్పటికి తిరుగు ప్రయాణం, రాకపోతే ఎవరికి ఫోను చేయాలి అన్న నాలుగు మాటలు వ్రాసి ఎవరి చేతిలోనైనా పెట్టి వెళ్లాలి. శకునం మాట ఎట్లున్నా, అడవికి పోయే బిడ్డను "ఎక్కడికి?" అని అడగడం అపశకునం కాదు. అడిగిన వారికి చెప్పి, "వెళ్లొస్తాను" అన్న మాటను నిలబెట్టుకోవడం మన బిడ్డల వంతు.