లెస్టర్ యంగ్: నాదము, చిత్రము

1930 ప్రాంతమున జాజ్ సంగీతములో టెనర్ సాక్సఫోనుకు కోల్‌మన్ హాకిన్స్ బరువైన నాదమే ఒరవడి. లెస్టర్ యంగ్ (1909–1959) దానిని విడిచి తేలికనాదమును చేపట్టెను. 1936లో రికార్డయిన ‘లేడీ బి గుడ్’ విన్నచో, ఎచటను ఒత్తిడి లేని ఆ గమనము బోధపడును.

1944 నాటి ‘జామిన్ ద బ్లూస్’ లఘుచిత్రమున తొలుత కొన్ని వలయములు కానవచ్చును. అవియే క్రమముగా ఆయన టోపీగా తేలును.

1957లో బిల్లీ హాలిడే టెలివిజనులో ‘ఫైన్ అండ్ మెలో’ పాడినపుడు, ఆరోగ్యము చెడియున్న లెస్టర్ లేచి ఒక్క ఆవృత్తము మాత్రమే వాయించెను. స్వరములు కొలదియే. వానిని వినుచున్న బిల్లీ ముఖమును కెమెరా పట్టినది. రెండేండ్లు నిండకమునుపే ఇరువురును గతించిరి. రికార్డు నాదమును మాత్రమే నిలిపినది. అది సాటి కళాకారిణి హృదయమును తాకిన తీరు చిత్రమున చూడనగును.