లావాదేవీలో లావాదేవీ

బ్యాంకు అనగానే బందరువారికి 1923వ సంవత్సరము స్ఫురించును. ఆ యేట డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రాబ్యాంకును స్థాపించిరి. 1980లో అది జాతీయము చేయబడినది. 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకు ఆఫ్ ఇండియాలో విలీనమైనది. చిఠా, ఆవర్జాల స్థానమున నేడు కంప్యూటరులోని డేటాబేసు వచ్చినది. కాని పద్దు వ్రాయుటలోని ధర్మము మారలేదు. ఒకరి ఖాతాలో ఖర్చు వ్రాసి, రెండవవారి ఖాతాలో జమ వ్రాయక లేచిపోయిన గుమాస్తాను ఏ బ్యాంకును సహింపదు.

ఈ ధర్మమును పాటించు పనికే కంప్యూటరు శాస్త్రమున లావాదేవీ యని పేరు. గుడివాడలోని తండ్రి దివిసీమయందు అవనిగడ్డలోనున్న కుమార్తెకు 5,000 రూపాయలు పంపుచున్నాడనుకొందము. అతని ఖాతాలో తగ్గించుట, ఆమె ఖాతాలో కలుపుట — ఈ రెండును జరుగవలెను, లేదా రెండును జరుగరాదు. అన్నియు సరిపడినప్పుడు చేయు తుది నిర్ణయము ‘ఖరారు’. నడుమ ఏది చెడినను మొదటి స్థితికి మరలుట ‘రద్దు’. ఈ భావమునకు శాస్త్రీయమైన రూపు దిద్దినవారిలో ముఖ్యుడు అమెరికా శాస్త్రజ్ఞుడు జిమ్ గ్రే. ఆయనకు 1998లో ట్యూరింగు బహుమానము లభించినది.

మరి చిక్కు ఎక్కడ వచ్చును? ప్రోగ్రాములను చిన్న చిన్న భాగములుగా వ్రాయుట వాడుక. ‘ఖర్చు వ్రాయుట’ ఒక భాగము. ‘జమ వ్రాయుట’ మరియొకటి. ప్రతి భాగమును తనంత తాను క్షేమముగా నడువవలెనని, దానిలోనే ఒక లావాదేవీని తెరచి మూయుదురు. ‘సొమ్ము పంపుట’ అను పెద్ద భాగము తన లావాదేవీని తెరచి ఈ రెంటిని పిలిచినప్పుడు, లావాదేవీలో లావాదేవీ ఏర్పడును. లోపలి భాగము ఖర్చు వ్రాసి ‘ఖరారు’ అన్నది. తరువాత జమ తప్పిపోయినది. తండ్రి సొమ్ము తరిగినది, కుమార్తెకు చేరలేదు!

డేటాబేసులన్నియు దీనిని ఒకే తీరున చూడవు. మైఎస్‌క్యూఎల్‌లో రెండవ లావాదేవీని తెరువగానే మొదటిది దానంతటదే ఖరారైపోవును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ హెచ్చరిక మాత్రమే చేసి ఉన్నదానినే సాగించును. అప్పుడు లోపలివారి ఖరారు అంతటికిని ఖరారగును. ఎస్‌క్యూలైట్ రెండవదానిని తెరువనీయక తప్పు చూపును. ఈ మూడవదే మేలు. తప్పు వెంటనే కంటబడును.

కావున మొదటి నియమము: తెరచినవారే మూయవలెను. లోపలి భాగము తాను ఇదివరకే తెరచియున్న లావాదేవీలో నడచుచున్నదో లేదో చూచుకొని, నడచుచున్నచో క్రొత్తది తెరువక, ఖరారు చేయక, తన పని ముగించి ఊరకుండవలెను. గుమాస్తా పొడి సంతకము చేయును. కాగితమును చెల్లుబాటు చేయునది పై అధికారి సంతకమే.

కొన్ని పనులు చెడినను పెద్దపని నిలువవచ్చును. సొమ్ము చేరినదని ఫోనుకు పంపవలసిన సందేశమును నమోదు చేయుట అట్టిది. దానికి ముందు ‘సేవ్‌పాయింటు’ అను గుర్తు నుంచినచో, నమోదు తప్పినప్పుడు ఆ గుర్తువరకు మాత్రమే వెనుకకు మరలవచ్చును. ఖర్చు, జమలు చెక్కుచెదరవు. పై మూడు డేటాబేసులలోను ఈ సౌకర్యము కలదు.

ఇక చదువుట, వ్రాయుటల సంగతి. తాళములు వేసి కాపాడు పద్ధతిలో ఒక పద్దును ఎందరైనను ఒకేసారి చదువవచ్చును. వ్రాయువారు మాత్రము ఒక్కరే. వ్రాతలో చదువు ఇమిడియుండుట క్షేమము. అయితే ఆ చదువు అదే కనెక్షనుపై జరుగవలెను. వేరు కనెక్షను తెరచినచో, ఇంకను ఖరారు కాని మార్పులు దానికి కనబడవు. లేదా తన తాళము కొరకు తానే వేచియుండవలసివచ్చును. చదువులో వ్రాత ఇముడుట అపాయకరము. ఇద్దరు ఒకే ఖాతా నిలువను చదువుచు, ఇద్దరును వ్రాయబూనినచో, ఒకరు తప్పుకొనువరకు రెండవవారు ఆగవలెను. ఇద్దరును ఆగిపోవుదురు. ఒకరి పనిని రద్దు చేసిననే గాని ముడి వీడదు. కాబట్టి తుదకు వ్రాయవలసిన పనియైనచో, ఆ సంగతి మొదటనే తెలిపి, వ్రాయు లావాదేవీగానే తెరువవలెను.

ఫోనులో సొమ్ము పంపి ‘చేరినది’ అను మాట చదువు గృహస్థునకు ఈ నియమములు తెలియనక్కరలేదు. ఆ మాట సత్యము కావలెనన్నచో, ప్రోగ్రాము వ్రాయువారికి మాత్రము తెలియకతీరదు.